కాలిన ఛార్జరు, కాలని నంబరు

"ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఛార్జింగ్ పెట్టి చర్చికి పోయినా మేడమ్. అంతకు మించి నాకేం తెలీదు."

శీనయ్య ఆ మాట అనడం అది నాలుగోసారి. నాలుగుసార్లూ ఒక్క అక్షరం మారలేదు. నిజం చెప్పేవాడు అంత నున్నగా చెప్పడు. ఒకసారి తొమ్మిది అంటాడు, ఇంకోసారి తొమ్మిదింబావు అయ్యుంటుందేమో అంటాడు. నేను నోటుబుక్కులో టైము రాసుకున్నాను. మంగళవారం, 11:25, ఉదయగిరి పోలీస్ స్టేషన్.

నా పేరు సుధారాణి. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున బండ్ల ప్రమాదాలు విచారించడం నా ఉద్యోగం. ఆదివారం పొద్దున 10:20కి, ఊరి చివర రేకుల షెడ్డులో శీనయ్య కరెంటు ఆటో తగలబడింది. ఆ సమయంలో షెడ్డులో ఉన్న అతని బామ్మర్ది డేవిడ్‌రాజు ఒళ్లు సగం కాలి, తలకి దెబ్బ తగిలి, నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉన్నాడు. డేవిడ్‌రాజు ఆటోల మెకానిక్కు. శీనయ్య నిర్లక్ష్యంగా ఛార్జింగ్ పెట్టి పోవడం వల్లే మంటలు లేచాయని కేసు. సాయంత్రం ఐదింటికి అతన్ని మెజిస్ట్రేటు ముందు పెట్టి రిమాండుకి పంపుతారు.

బండి ఎలా కాలిందో తేల్చి కాగితం మీద పెట్టడం వరకే నా బాధ్యత. కానీ ఆ కాగితం ఎటు మొగ్గితే శీనయ్య జీవితం అటు పోతుందని నాకు తెలుసు.

"ప్లగ్గు పెట్టేటప్పటికి ఎంత ఛార్జింగ్ ఉండింది?" అన్నాను.

"నలభై శాతం."

"పెట్టినాక ఎక్కుతా ఉండాదని ఎట్టా తెలుసు నీకు?"

"పచ్చ లైటు వెలిగింది గదా మేడమ్. ఫ్యాను గూడా గుయ్యిమని తిరిగింది."

ఫ్యాను సంగతి నేను అడగలేదు. అడగనిది చెప్పేవాడి మీద నాకు అనుమానం ఎక్కువ.

"ఆ లైటు నీ కళ్లతో చూసినావా?"

"చూసినా." తల దించుకున్నాడు. "మా డేవిడు ఎట్టా ఉండాడు మేడమ్? ఎవురూ చెప్పడంలా."

"తెలివి రాలేదంట."

అతను గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. బామ్మర్దిని చంపబోయినవాడి ముఖం కాదది. అయినా ముఖాలు చూసి నిర్ణయాలు చేయకూడదన్నది నాకు ఉద్యోగంలో మొదట నేర్పిన పాఠం. పక్కనున్న బల్ల వైపు తిరిగాను.

బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో నల్లగా కాలిన ఇనప్పెట్టె ఒకటి ఉంది. పెద్ద టిఫిన్ క్యారియర్ అంత. దాన్నే ఆన్‌బోర్డ్ ఛార్జరు అంటారు. బండిలోనే, వెనక సీటు కింద బిగించి ఉంటుంది. ఇంట్లో మామూలు సాకెట్లో వైరు పెడితే చాలు, గోడలోని కరెంటుని బ్యాటరీకి పనికొచ్చేట్టు మార్చి ఎక్కిస్తుంది. పెట్టె పక్కన చిన్న రేకు మీద నంబరు కనపడుతోంది. చివరి నాలుగంకెలు 0417. శీనయ్యకి బండి అమ్మినప్పటి కాగితాల్లోనూ అదే నంబరు.

"బూడిదలో దొరికింది," అన్నాడు వెనకనుంచి ఎవరో. "మా కంపెనీ మాలు కాబట్టి నేనే గుర్తుపట్టి ఎస్సై గారికి అప్పజెప్పినా."

తిరిగి చూశాను. ఆ ఆటోలు, ఛార్జర్లు తయారుచేసే దివిటీ మోటార్స్‌లో సర్వీసు మేనేజరు, పెంచలప్రసాద్. నలభై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. ఎస్సై గారు అతని వెనకే లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"నువ్వు సంగం ఊరి పిల్లవే గదమ్మాయ్?" అన్నాడు పెంచలప్రసాద్. "మీ నాయన కాలవ పన్లకి పొయ్యేవాడంట. నువ్వు బీటెక్ చదివి ఈడదాకా వచ్చినావంటే నాకు శానా సంతోషం."

"మా నాయన ఇప్పుడూ పోతాడండి. మీకు మంటల సంగతి ఎన్నింటికి తెలిసింది?"

అతని నవ్వు కొంచెం తగ్గింది. "పదీ నలభైకి. ఎవురో ఫోన్ చేసినారు."

"షెడ్డు దగ్గరికి ఎన్నింటికి వచ్చారు?"

"పదకొండుంబావు."

"మీ ఆఫీసు నెల్లూరులో. నెల్లూరు నుంచి ముప్పై అయిదు నిమిషాల్లో ఉదయగిరికి వచ్చారా?"

ఎస్సై గారు కాగితాల మీదనుంచి తలెత్తారు.

"దుత్తలూరులో మా అత్తగారిల్లు," అన్నాడు పెంచలప్రసాద్. "ఆదివారం గదా, ఆడ ఉన్నా. తప్పా?"

"తప్పు కాదు. రాసుకుంటాను." రాసుకున్నాను. "ఫోన్ చేసింది ఎవరు?"

"నంబరు చూసుకోలా. సుధారాణీ, నీకొక మాట చెప్తా. పోయినేడు ఈ రూటులో కరెంటు ఆటోలు పదకొండు. ఇప్పుడు నూట అరవై. మా ప్లాంటులో నెలకి రెండు వేల ఛార్జర్లు తయారయ్యేవి, ఇయాల తొమ్మిది వేలు కావాలంటా ఉండారు దేశం నలుమూలల నుంచీ. శుక్రవారం పెద్దోళ్లు వస్తా ఉండారు, ఇంకో ప్లాంటు పెట్టే మాట మీద. ఇంత గిరాకీలో ఒక పల్లె మెకానిక్కు మా పెట్టె విప్పి, లోపల కెలికి, కాల్చుకుంటే ఆ చెడ్డపేరు మేమెందుకు మొయ్యాల? డేవిడ్‌రాజు కెలికినాడు, ఈయన ప్లగ్గు పెట్టినాడు. అంతే సంగతి."

"డేవిడ్‌రాజు తలకి దెబ్బ ఎట్టా తగిలింది?"

"పైరేకు మీద పడింది."

శీనయ్య వైపు చూశాను. అతను నా వైపు చూడలేదు. బల్ల మీది పెట్టెనే చూస్తున్నాడు. కోపం లేదు, భయం లేదు. తన కళ్లని తానే నమ్మలేని మనిషి చూపు అది.

"సర్, నాకు ఐదింటి వరకు టైమివ్వండి," అన్నాను ఎస్సై గారితో.

"నేనిచ్చేదేముందమ్మా? ఐదు వరకు ఎట్టాగూ ఉండాది. ఈలోగా ఏదన్నా తెస్తే చూస్తా. మాటలు కాదు, వస్తువు తేవాల. అతనే ఒప్పుకున్నాడు, పెట్టె దొరికింది. దీని మీద ఇంకేం చెయ్యమంటావు నన్ను?"

12:05కి షెడ్డు దగ్గరికి చేరాను. శీనయ్య భార్య ఓబమ్మ నాతో వచ్చింది. డేవిడ్‌రాజు ఆమెకి సొంత తమ్ముడు. షెడ్డు లోపలికి రానని, గడప బయట రాయి మీద కూర్చుంది.

మొదట పైకి చూశాను. రేకులు పది. పదీ పైనే ఉన్నాయి. మసి పట్టాయి, వంగాయి, కానీ ఒక్కటీ కింద పడలేదు. డేవిడ్‌రాజు తల మీద పడిందన్న రేకు ఏది?

తర్వాత బండి. ఇనప చట్రం తప్ప ఏమీ మిగల్లేదు. వెనక సీటు చట్రం ఎత్తి టార్చి వేశాను. ఛార్జరు కూర్చునే చోట రెండు ఇనప పట్టీలు, వాటికి నాలుగు బోల్టు రంధ్రాలు. పట్టీల మీద వేలితో గీశాను. మసి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందంలో ఉంది. నాలుగు రంధ్రాల లోపల కూడా మసే.

ఇందులో పెద్ద శాస్త్రం లేదు. పొయ్యి మీద చాలాసేపు గిన్నె ఉంచి తీస్తే దాని కింది చోటు వేరేగా కనపడుతుంది. మంటలు లేచినప్పుడు ఆ పట్టీల మీద ఛార్జరు బిగించి ఉంటే, దాని కింద ఇనుము ఎంతోకొంత శుభ్రంగా ఉండాలి. బోల్టులు ఉన్న రంధ్రాల్లోకి మసి పోకూడదు. అంటే బండి కాలేటప్పటికి అందులో ఛార్జరే లేదు.

మరి స్టేషన్లో బల్ల మీద ఉన్నదేమిటి?

పది ఫొటోలు తీసి బయటికి వచ్చాను. ఓబమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె పక్కన కూర్చున్నాను. శీనయ్య నిజంగా చర్చిలో ఉన్నాడో లేదో ముందు తేల్చుకోవాలి. సూటిగా అడిగితే భర్తకి అనుకూలంగా చెప్తుంది.

"ఆదివారం అయ్యగారు ఏం ప్రసంగం చేసినారక్కా?"

"ఏం ఇనపడింది మేడమ్, మైకు లేకపాయె. గొంతు చించుకున్నాడు పాపం. ముసిలోళ్లంతా లేచి ముందుకొచ్చి కూసున్నారు. లిదియమ్మవ్వ అయితే అయ్యగారి కాళ్లకాడికే పాయె."

"మైకు ఎందుకు లేదు?"

"కరెంటు లేదు గదా. పొద్దున నేను చట్నీ వేసుకుందామని మిక్సీ పెడితే టక్కున పాయె. తొమ్మిది గూడా కాలా అప్పటికి. మళ్లీ ఆరాధన అయిపోయి ఇంటికి పోయినాకే వచ్చింది."

నేను లేచి కొంచెం దూరం పోయి సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేశాను. లైను పని జరిగిందన్నారు. రిజిస్టరులో చూసి చెప్పారు. ఆదివారం 8:50కి ఆపారు, 12:10కి ఇచ్చారు. ఈ షెడ్డు ఉన్న లైనే. ఉదయగిరిలో కరెంటు పోవడం ఎవరూ గుర్తుపెట్టుకునే సంగతి కాదు. స్టేషన్లో ఇన్వర్టరు ఉంది. పెంచలప్రసాద్ ఈ ఊరివాడు కాదు. శీనయ్య మాత్రం ఈ ఊరివాడే. కానీ అబద్ధం చెప్పే తొందరలో మరిచిపోయాడు.

తిరిగి వచ్చి ఓబమ్మ ఎదురుగా నిలబడ్డాను.

"అక్కా, తొమ్మిదింటికి పచ్చ లైటు వెలిగిందంటాడు మీ ఆయన. ఏ కరెంటుతో వెలిగింది?"

ఆమె ముఖం మారిపోయింది.

"ఇంకొకటి గూడా చెప్తా. ఆ బండిలో ఛార్జరు లేదు. మంటలకి ముందే ఎవురో విప్పినారు. అది నీకు తెలుసు."

"నాకేం తెలీదు మేడమ్."

"ఐదింటికి మీ ఆయన జైలుకి పోతాడు. తమ్ముడు మంచంలో ఉండాడు. ఎవుర్ని కాపాడదామని నోరు మూసుకున్నావక్కా?"

 దూరంగా మేకలు తోలుకుపోతున్న మనిషి మా వైపు చూస్తూ పోయాడు. అతను కనుమరుగయ్యేదాకా ఆగి ఓబమ్మ నోరు విప్పింది.

"మావి ఏడు బండ్లు మేడమ్. ఛార్జర్లు నాలుగే."

"అంటే?"

"ఎండాకాలంలో మూడు ఛార్జర్లు పోయినాయి. కంపెనీ వాళ్లనడిగితే మూణ్ణెల్లు ఆగమన్నారు. కొత్త బండ్లకే చాలడంలేదంట, పాత బండ్లకి యాడ తెస్తామన్నారు. మూణ్ణెల్లు బండి మూలనబెడితే మేమేం తినాల? అందుకని మా చర్చి డ్రైవర్లు ఏడుగురూ కూసుని అనుకున్నారు. ఉన్న నాలుగూ అందరివీ. వంతులు. ఈ పూట నీ బండిలో బిగించుకో, రేపు విప్పి నాకియ్యి. యూరియా సంచిలో చుట్టి బస్సులో పంపేది. ఉదయగిరిలో నలుగురం, దుత్తలూరులో ఇద్దరు, ఆత్మకూరులో రాహేలమ్మ."

"మరి చెప్పొచ్చు గదా ఆ మాట!"

"ఎట్టా చెప్తాం? ఒక బండి ఛార్జరు ఇంకో బండికి బిగిస్తే వారంటీ పోతాదని కాగితంలో ఉండాదంట. ఒక్కరు నోరు జారితే ఏడు బండ్లూ పోతాయి. ప్రార్థన చేసుకుని మాటిచ్చుకున్నారు మేడమ్, ఎవుర్నీ బయటపెట్టమని. ఆ కంపెనీ ఆయన వచ్చి, ఛార్జింగ్ పెట్టినావా అని ఈయన్ని అడిగినాడు. పెట్టలేదంటే ఛార్జరు యాడ అంటాడు. అందుకని పెట్టినా అన్నాడు."

"ఆ కాలిన పెట్టె సంగతి?"

ఓబమ్మ కొంగు తీసి నా వైపు సూటిగా చూసింది. "అది చూసే మేడమ్ ఈయనకి మతిపోయింది. శనివారం సాయంత్రం తన చేత్తోనే బోల్టులు విప్పినాడు. మా డేవిడు దాన్ని తీసుకుని ఆత్మకూరు బస్సెక్కినాడు. ఆత్మకూరుకి పోయిన పెట్టె బూడిదలో ఎట్టా దొరికింది ఓబీ, అని ఒకటే అడగతా ఉండాడు నన్ను. ఆ నంబరు గూడా అదేనంటగా?"

ఎస్సై గారికి ఫోన్ చేసి కరెంటు సంగతి, మసి సంగతి చెప్పాను. ఆయన విన్నారు. విని, "బ్యాటరీలోంచి గూడా మంట రావచ్చని ప్రసాద్ గారు అంటా ఉండాడమ్మా. ఆ పెట్టె అబద్ధమని తేల్చు. నేనే రిమాండు ఆపుతా," అన్నారు.

2:40కి కారు తీశాను. ఓబమ్మ పక్కన కూర్చుంది. దారి పొడుగునా ఎదురొచ్చిన కరెంటు ఆటోలని లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. ఆత్మకూరు చేరేటప్పటికి ముప్పై నాలుగు. రెండేళ్ల కిందట ఇదే దారిలో ఒక్కటి కనపడితే పిల్లలు వెంటపడి చూసేవాళ్లు. అన్ని బండ్లలో అన్ని పెట్టెలు. ఆ పెట్టెల లోపల ఏముందో చూసినవాళ్లు ఎందరు?

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఆటోల వరసలో ఒకే ఒక్క ఆడ డ్రైవరు రాహేలమ్మ. నలభై దాటిన మనిషి. చీర మీద ఖాకీ చొక్కా. నన్ను చూడగానే సీటు మీద ఇంకా గట్టిగా కూర్చుంది.

"ఏ ఛార్జరు? నా బండికి నా ఛార్జరే ఉండాది. పోండమ్మా, గిరాకీ టైములో వచ్చి."

"ఓసి రాహేలూ!" అంది ఓబమ్మ కారులోంచి దిగుతూ. "నీ ఛార్జరు మే నెలలో పోతే మా ఇంటికొచ్చి ఏడ్చినావు. మర్చిపోయినావా?"

"నువ్వు నోరుముయ్యి ఓబీ. మాటిచ్చుకున్నాం."

"మాట నిలబెట్టుకుని మొగుణ్ణి జైలుకి పంపమంటావా? తమ్ముడు పోతాడో ఉంటాడో తెలీదు. దిగు కిందికి!"

రాహేలమ్మ దిగింది. చుట్టూ చూసి, ఆటోని వరసలోంచి తీసి పక్క సందులోకి తోలింది. సందులో ఎవరూ లేరు. వెనక సీటు ఎత్తింది.

పెట్టె ఉంది. మసి లేదు, దెబ్బ లేదు. పదేపదే విప్పి బిగించడం వల్ల బోల్టుల అంచులు అరిగి మెరుస్తున్నాయి. వంగి నంబరు చదివాను. చివరి నాలుగంకెలు 0417.

ఒకే నంబరుతో రెండు పెట్టెలు. ఒకటి నా ముందు, బతికి ఉంది. రెండోది పోలీసు బల్ల మీద, కాలి ఉంది.

"డేవిడ్‌రాజు శనివారం ఎన్నింటికి వచ్చినాడు?" అన్నాను.

"ఐదున్నర బస్సుకి. బిగించేసి పోతాడనుకుంటే ఒక మాటన్నాడు నాతో. అక్కా, నాలుగు ఛార్జర్లూ విప్పి చూసినా, మూడింట్లో వేడి కట్టు లేదు అన్నాడు."

"వేడి కట్టు అంటే?" అంది ఓబమ్మ.

అది నాకు తెలుసు. లోపల వేడి మీరితే కరెంటుని తనంతట తాను ఆపే చిన్న భాగం. చిటికెన వేలి గోరంత ఉంటుంది. అది లేని పెట్టె ఎప్పుడైనా మండొచ్చు. నెలకి రెండు వేలు తయారయ్యే చోట తొమ్మిది వేలు కావాలంటే, ఆ గోరంత భాగం అంత తొందరగా దొరక్కపోతే, అది లేకుండానే మూత బిగించి పంపేశారన్నమాట.

"తరవాత?" అన్నాను రాహేలమ్మతో.

"నా ఎదురుగానే కంపెనీ నంబరుకి ఫోన్ చేసినాడు. పేరు చెప్పినాడు, ఊరు చెప్పినాడు. సోమవారం కలెక్టర్ ఆఫీసులో అర్జీ పెడతా అన్నాడు. నేను వద్దురా అన్నా. పావుగంటకి వాళ్లే తిరిగి ఫోన్ చేసినారు. మా మనిషిని పంపిస్తాం, ఆదివారం పదింటికి షెడ్డు కాడ ఉండు, చూసి మారుస్తాం అన్నారంట. చూసినావా అక్కా ఎట్టా దారికొచ్చినారో, అని మురిసిపోయినాడు పిచ్చోడు."

ఆదివారం పదింటికి. ఊరంతా చర్చిలో ఉండే టైము. ఓబమ్మ ఆటో కడ్డీని పట్టుకుని నిలబడిపోయింది.

"వచ్చే మనిషి పేరు చెప్పారా?"

"చెప్పలేదమ్మా."

చెప్పకపోయినా ముప్పై అయిదు నిమిషాల దూరంలో ఆదివారమంతా ఎవరున్నారో నా నోటుబుక్కులో రాసి ఉంది. వచ్చినవాడు డేవిడ్‌రాజు తల మీద కొట్టి షెడ్డుకి నిప్పు పెట్టాడు. తనతో తయారుగా, లోపల వేడి కట్టు ఉన్న ఒక కాలిన పెట్టె తెచ్చుకున్నాడు. అమ్మిన కాగితాల్లో ఉన్న నంబరు దానికి కొట్టించాడు. అసలు పెట్టె తీసేసి ఇది పెట్టాలన్నది అతని పథకం. బూడిదలో అసలు పెట్టె కనపడలేదు. అయినా తనది పెట్టేశాడు. వంతుల సంగతి అతనికి తెలియదు. ఈ ఏడుగురికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇక కావలసింది ఒక్కటే. ఆదివారం ఈ పెట్టె ఇక్కడే పనిచేసిందని రుజువు. ఛార్జరు ఎప్పుడెప్పుడు కరెంటు తీసుకుందో దాని లోపలే నమోదవుతుంది. దాని పక్కన ఫోను పెట్టి కంపెనీ యాప్‌లో నంబరు కొడితే కనపడుతుంది. రాహేలమ్మది బటన్ల ఫోను. యాప్ నా ఫోనులో దించి, పెట్టె పక్కన పెట్టి నంబరు కొట్టాను. టైము 3:52.

చివరిసారి ఛార్జింగు సోమవారం రాత్రి. అంతకుముందుది, ఆదివారం, 9:40 నుంచి 12:55 వరకు. మధ్యలో ఒక్క నిమిషం ఆగలేదు.

ఉదయగిరిలో 8:50 నుంచి 12:10 వరకు కరెంటే లేదు. ఆ టైములో ఆగకుండా కరెంటు తాగిన పెట్టె ఉదయగిరిలో ఉండటానికి వీల్లేదు. షెడ్డు మండుతున్న 10:20కి 0417 ఆత్మకూరులో రాహేలమ్మ ఆటోని ఛార్జ్ చేస్తోంది.

"అక్కా, మీ ఆయన బయటికి వస్తాడు," అన్నాను.  ఫోను తెర ఫొటో తీసుకుని ఎస్సై గారికి ఫోన్ చేశాను. లైను బిజీ. మళ్లీ చేశాను. బిజీ. మూడోసారి నంబరు నొక్కబోతుంటే నా ఫోనే మోగింది.

"ఆత్మకూరులో ఎండ ఎట్టా ఉండాది సుధారాణీ?" అన్నాడు పెంచలప్రసాద్.

నేను స్పీకరు నొక్కాను. ఎందుకు నొక్కానో ఇప్పటికీ చెప్పలేను. ఆ ఆడవాళ్లిద్దరూ వినాలనిపించింది.

"నేను ఆత్మకూరులో ఉన్నానని ఎవరు చెప్పారు?"

"నువ్వే. మూడూ యాభై రెండుకి యాప్ తెరిచినావు. ఎవురన్నా తెరిస్తే మా సర్వర్లో గంట మోగుతాది. ఏ నంబరో, యాడుందో, అన్నీ వస్తాయి. రెండ్రోజులుగా దానికోసమే వెతకతా ఉండా తల్లీ. వీళ్లు ఎవురూ ఎప్పుడూ తెరిచిన పాపాన పోలా. నువ్వు చదువుకున్నదానివి గాబట్టి తెరిచినావు."

నేను యాప్ తెరవడం పద్ధతి ప్రకారం చేసిన పని. ఏ ప్రమాదంలోనైనా నేను మొదట చేసే పని.

"నా దగ్గర ఫొటోలున్నాయి," అన్నాను.

"ఉంచుకో. ఆ రికార్డు ఇంకో పది నిమిషాల్లో మా సర్వర్లో ఉండదు. రేకు మీద నంబరు ఎవుడన్నా కొట్టించొచ్చు, అది నీకూ తెలుసు. వస్తువు లేకుండా నీ ఫొటో ఎవుడు చూస్తాడు? మా పెట్టె మాకియ్యి. కంపెనీ సొత్తు."

"ఇవ్వకపోతే?"

 ఫోనులో బండి ఇంజను చప్పుడు. దాని మీద, ఆగి ఆగి, ఏదో యంత్రం కూత.

"ఓబమ్మ నీ పక్కనే ఉండాది గదా? అడుగు. పొద్దున ఎనిమిదింటికి ఒక కాగితం మీద సంతకం పెట్టింది. తమ్ముణ్ణి చెన్నైకి మార్చి కంపెనీ ఖర్చుతో వైద్యం చేయిస్తామని. ఆసుపత్రోళ్లు కదల్చొద్దన్నారు. సొంత అక్క రాసిచ్చింది గదా అంటే చేసేదిలేక పంపినారు. అంబులెన్సులో నేనూ ఉండా. పిల్లోడు కళ్లు తెరవలేదు గానీ, అప్పుడప్పుడూ పెదాలు కదిలిస్తా ఉండాడు."

ఓబమ్మ నా చేయి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"ఆక్సిజన్ సిలిండరు గంటన్నర వస్తాదంట," అన్నాడు పెంచలప్రసాద్. "డ్రైవరు చెప్పినాడు. ఎక్కడ ఆపమంటావో, పెట్టె ఎవురికిస్తావో నిదానంగా ఆలోచించి చెప్పు. పోలీసులకి గూడా చెప్పు కావాలంటే. వాళ్లు మమ్మల్ని వెతికి పట్టుకునేలోపల సిలిండరు మాత్రం ఆగదు."

ఫోను పెట్టేశాడు.

టైము 4:03. ఐదింటికి మెజిస్ట్రేటు ముందు శీనయ్య. ఐదున్నరకి సిలిండరు ఖాళీ. ఆ ఒక్క పెట్టె ఎస్సై గారి బల్ల మీదికి చేరితే భర్త బయటికి వస్తాడు. పెంచలప్రసాద్ చేతికి చేరితే తమ్ముడు బతకొచ్చు. బతక్కపోవచ్చు కూడా. పెట్టె చేతికొచ్చాక ఆ మనిషి మాట మీద నిలబడతాడన్న నమ్మకం నాకు లేదు.

"మంచి వైద్యం అన్నాడు మేడమ్," అంది ఓబమ్మ. "కుర్చీ వేసి కూసోబెట్టి మర్యాదగా మాట్లాడినాడు. నేనే పెట్టినా సంతకం. నా చేత్తోనే పెట్టినా."

"అక్కా, ఒక్క నిమిషం. నన్ను ఆలోచించుకోనియ్యి."

నేను ఎస్సై గారి నంబరు మళ్లీ నొక్కాను. ఈసారి మోగుతోంది. మోగుతోంది గానీ ఎత్తడంలేదు.

రాహేలమ్మ ఏడుస్తోంది. ఓబమ్మ ఏడవడంలేదు. ఆటో ముందు డబ్బాలో చేయి పెట్టి స్పానరు తీసింది. సీటు కిందికి వంగి మొదటి బోల్టు మీద పెట్టింది. అలవాటైన చెయ్యి. బోల్టు తేలిగ్గా తిరిగింది.

"ఎవురికిస్తావే దాన్ని?" అంది రాహేలమ్మ.

ఓబమ్మ తలెత్తలేదు. రెండో బోల్టు ఊడి ఇనుము మీద టంగుమని పడింది. ఆమె భర్తని కాపాడగలిగిన ఒకే ఒక్క వస్తువుని ఆమే విప్పుతోంది. ఆపడానికి నాకు హక్కుందో లేదో తెలియదు. నేను ఆపలేదు.

నాలుగో బోల్టు ఊడేటప్పటికి 4:07. ఎస్సై గారు అప్పటికీ ఫోనెత్తలేదు. సందు మొదట్లో ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. దాని తలుపు మీద దివిటీ మోటార్స్ గుర్తు ఉంది.